లండన్ ఉత్తరం ఎక్కడుంది బావగారూ?

ఈ వారంలో ఇదే మెసేజ్ నాకు రావడం నాలుగోసారి. పొద్దున్నే కొవ్వూరు బావగారు పంపారు. మధ్యాహ్నం పుష్కరఘాట్ వాకింగ్ గ్రూపులో పడింది. సాయంత్రం నరసాపురం నుంచి మా వియ్యంకుడుగారు "మీరు రైల్వే కదా బావగారూ, ఓసారి చూడండి" అంటూ రెండు దండాల బొమ్మలు తగిలించి మరీ పంపారు. రాత్రి పదింటికి మా తమ్ముడు. ముప్పై ఏళ్ళు డెల్టా లైన్లలో స్టేషన్ మాస్టరుగా చేసినవాణ్ణి అన్నగా పెట్టుకుని, ఒక్క ఫోన్ చేసి అడక్కుండా వాడు కూడా!

మెసేజ్ పేరు "పాత గోదావరి బ్రిడ్జి: మనకి చెప్పని ఏడు నిజాలు". చదవని అదృష్టవంతుల కోసం క్లుప్తంగా చెప్తాను. ఒకటి, రాజమండ్రి దగ్గరున్న ఆ పాత రైలు బ్రిడ్జి కాటన్ దొర కట్టించాడు. రెండు, నూరేళ్ళ గ్యారంటీ అయిపోయింది, ఇక రైళ్ళు నడపొద్దని కట్టిన కంపెనీ లండన్ నుంచి ఉత్తరం రాస్తే 1997లో ఆపేశారు. మూడు, బ్రిడ్జి మీంచి డబ్బు బిళ్ళలు వేస్తే నీళ్ళు శుద్ధవుతాయి. నాలుగు, పై దేశాల్లో పాత రైల్వే సామాను ఎవడూ దాచడు. అయిదు, రైల్వే మ్యూజియాలు బానిసత్వపు గుర్తులు. ఆరు, పాత కాగితాలూ సామానూ ఎవరికీ చూపించకుండా తాళాలేసి కుళ్ళబెడుతున్నారు. ఏడు, కాబట్టి అన్నీ స్కాన్ చేసేసి కాగితం మిల్లుకి, ఇనుము తూకానికి ఇచ్చేస్తే దేశానికి కోట్లు. 2027 పుష్కరాల లోపు పది మందికి పంపాలట.

బిళ్ళల సంగతి వదిలేద్దాం. మా అమ్మమ్మ దగ్గర్నుంచీ మేమూ వేశాం, నీళ్ళ కోసం ఎప్పుడూ వెయ్యలేదు.

కాటన్ దొరా అంతే. గోదావరి జిల్లాల్లో ఏ మంచి కనిపించినా ఆయన ఖాతాలో వేసేయడం మనకి అలవాటు. బ్రిడ్జి పని మొదలైంది 1897లో. అప్పటికి ఆయన తొంభై నాలుగేళ్ళ ముసలాయన, ఇంగ్లండ్‌లో ఉన్నాడు. 1899లో పోయాడు. పైగా ఈ దేశానికి రైళ్ళ కంటే పడవలు తిరిగే కాలువలే మేలని ఏళ్ళ తరబడి వాదించిన మనిషి. ఆయనకి రైలు బ్రిడ్జి అంటగట్టడం అంటే శాకాహారి తద్దినానికి చేపల పులుసు పెట్టడమే. కట్టిన ఇంజనీరు వాల్టన్. అంతకు ముందు కాశీలో గంగ మీద డఫరిన్ బ్రిడ్జి కట్టినాయన.

ఇక ఉత్తరం. ఏ కంపెనీ రాసింది? పేరు లేదు. ఎప్పుడు రాసింది? తేదీ లేదు. ఎవరికి రాసింది? "మన వాళ్ళకి". ఈ ఉత్తరం ఒక్క రాజమండ్రికే రాలేదు లెండి. దేశంలో పాత బ్రిడ్జి ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఇదే కథ, ఇదే లండన్, ఇదే గ్యారంటీ. అక్కడ కూర్చుని వరసగా ఉత్తరాలు రాస్తున్న ఆ గుమాస్తా ఎవరో గానీ పాపం లెక్కల్లో కొంచెం వెనకబడ్డాడు. మన బ్రిడ్జి మీద రైలు నడిచింది 1900లో. 1997కి తొంభై ఏడేళ్ళు. గ్యారంటీలో ఇంకా మూడేళ్ళుండగానే ఆపెయ్యమన్నాడంటే నష్టపరిహారం అడగాల్సింది.

జరిగింది ఇంతే. పక్కన 1974 నాటికే రోడ్డు కం రైలు బ్రిడ్జి వచ్చింది. తర్వాత ఆర్చి బ్రిడ్జి తయారైంది. ముసలి బ్రిడ్జికి విశ్రాంతి ఇచ్చారు. 56 స్పాన్లు, దాదాపు 2.7 కిలోమీటర్లు. ఇవాళ్టి బండ్ల బరువు దాని లెక్కలో లేదు.

సరే, నేనే తప్పనుకుందాం. ఉత్తరం నిజంగానే వచ్చిందనుకుందాం. తేల్చేదెలా? వచ్చిన తపాలా రాసుకునే రిజిస్టరు తియ్యాలి, ఫైలు తియ్యాలి. ఆ లైను మొదట ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేది. 1901లో మద్రాస్ రైల్వే చేతికొచ్చింది. 1908లో అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా అయింది. 1951లో సదరన్ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే. 2019లో విశాఖ జోను ప్రకటించారు. చెయ్యి మారిన ప్రతిసారీ బీరువాలు కదిలాయి, కదిలిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇవెందుకండీ" అన్నారు. ఆ బీరువాలనే మిల్లుకి పంపెయ్యమంటోంది మీ మెసేజ్. రెండో నిజానికి ఉన్న ఒకే ఒక్క సాక్షిని ఏడో నిజం తగలెయ్యమంటోంది! రాసినవాడు రాసింది తిరిగి చదువుకున్నాడా అసలు?

పై దేశాల్లో ఎవడూ దాచడట. బ్రిటన్‌లో ఆవిరి బండ్లు ఎత్తేసినప్పుడు వేల్స్‌లోని బ్యారీ అనే ఊళ్ళో ఒక తుక్కు వ్యాపారి యార్డుకి 297 ఇంజన్లు చేరాయి. అందులో 213 ఇంజన్లని మామూలు జనం చందాలేసుకుని కొని వెనక్కి తెచ్చుకున్నారు. మనం వినాయక చవితి పందిరికి వేసుకుంటామే, అలాంటి చందాలు. రైల్వేని ప్రైవేటు వాళ్ళకి ఇస్తున్నప్పుడు 1996లో చట్టమే చేశారు. ఫలానా రికార్డు, ఫలానా వస్తువు జాతికి ముఖ్యం అని కమిటీ గుర్తించిందంటే, దాని సొంతదారైనా అనుమతి లేకుండా వదిలించుకోడానికి లేదు. 2013లో ఆ కమిటీని ఎత్తేశారు గానీ, ఆ పని సైన్స్ మ్యూజియం వాళ్ళకి అప్పగించి మరీ ఎత్తేశారు. ఇండియాలో రైళ్ళు నడిపిన కంపెనీల కాగితాలు ఇవాళ్టికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మీ గుమాస్తా ఉత్తరానికి నకలంటూ ఉంటే అక్కడే దొరకాలి, ఎందుకంటే వాళ్ళు మిల్లుకి ఇవ్వలేదు.

బానిసత్వం మాట కొంచెం ఆలోచించాల్సిన మాటే. కాకపోతే రాసినవాడు ఆలోచించలేదు. ఢిల్లీ రైల్వే మ్యూజియానికి 1971లో శంకుస్థాపన చేసింది ఎవరనుకున్నారు? వి.వి. గిరి. బరంపురం తెలుగాయన, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపిన మనిషి. తెల్లవాడి రైల్వే అంటే ఏమిటో ఆయనకి మనం చెప్పాలా?

పాత బ్రిడ్జికి ఉన్నది గవర్నరు హేవలాక్ పేరు. ఇంజనీరు పేరు పుస్తకాల్లో ఉంది. గోదావరి నడిమధ్య బావి పునాదులు దించడానికి ఇసక తోడిన వాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? ఉంటే గింటే మస్టర్ రోళ్ళలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, కూలి చెల్లింపు కాగితాల్లో ఉండాలి. లైను కోసం ఎవరి చేను ఎంత పోయిందో భూసేకరణ కాగితాల్లో ఉండాలి. అవి మిల్లుకి పోతే పోయేది మన వాళ్ళ పేర్లు. హేవలాక్ పేరుకి ఏమీ కాదు, అది వికీపీడియాలో చల్లగా ఉంటుంది.

ఇక ఏడోది. మిగతావి నవ్వుకుని వదిలెయ్యొచ్చు, దీన్ని వదలకూడదు.

ముందు ఇనుము తేలుద్దాం. సింగిల్ లైను స్టేషన్లలో నీల్స్ బాల్ టోకెన్ మిషన్లుండేవి. పక్కపక్క స్టేషన్లలో రెండు మిషన్లు, మధ్యలో కరెంటు తీగ. ఇటువైపు ఒక గుండు బయటికొచ్చిందంటే, అది మళ్ళీ ఏదో ఒక మిషన్లోకి పడేదాకా ఇంకో గుండు ఊడి రాదు. గుండు చేతికందితేనే డ్రైవరు బండి తీస్తాడు. అరిచేతిలో పట్టే ఆ గుండు మీద నమ్మకంతో వేలమంది నిద్రపోతూ ప్రయాణం చేశారు. తూకంలో దానికి టీ ఖర్చులొస్తాయేమో. పాటియాలా మోనోరైలు కూడా ఒకప్పుడు తుక్కే. 1907 నాటి బండి, 1962లో పాడుబడ్డ షెడ్లో కనిపించింది, అమృత్‌సర్ వర్క్‌షాపులో బాగుచేస్తే ఢిల్లీ మ్యూజియంలో తిరిగింది. దాన్ని తూకానికి వేసుంటే ఎన్ని కోట్లొచ్చేవో లెక్క చెప్పండి, వింటాం.

ఇప్పుడు కాగితం. "స్కాన్ చేస్తే సరి" అనేవాళ్ళు పాత రైల్వే డ్రాయింగు ఒక్కటైనా చూశారా? లినెన్ గుడ్డ మీద గీసిన ట్రేసింగులు, విప్పితే బల్లంత. వాటిలో రంగు ఉత్తినే వెయ్యరు. ఆ రోజుల అలవాటు ప్రకారం పోత ఇనుముకి బూడిద రంగు, సాగగొట్టిన ఇనుముకి నీలం, ఉక్కుకి ఊదా, ఇటుకకి ఎరుపు. రంగు చూసే ఏ ముక్క దేనితో చేశారో చెప్పేవారు.

నేను రిటైరయ్యాక ఒక ఆఫీసులో పాత డ్రాయింగులు స్కాన్ చేస్తున్నారంటే సాయం చేద్దామని వెళ్ళాను. కాంట్రాక్టు కుర్రాళ్ళు, షీటుకింతని డబ్బు. వాళ్ళ తప్పేం లేదు, షీట్లు లెక్కపెట్టడమే వాళ్ళ ఉద్యోగం. అన్నీ నలుపు తెలుపుల్లో తీశారు. నీలమూ ఊదా రెండూ ఒకే మసి. మడతలు విప్పలేదు. ఒక కల్వర్టు డ్రాయింగులో పునాది లోతులు రాసిన పట్టీ సరిగ్గా మడత కింద ఉంది, కంప్యూటర్లో ఆ చోట ఒక తెల్ల చార. వెనకవైపు ఎవరూ తియ్యలేదు. వెనకేముంటుంది అంటారా? వరదలో ఏ రాయి కదిలింది, ఏ ఏడు ఎంత మట్టి పోశారు, పెన్సిలుతో, పొడి అక్షరాలతో. అది రాసిన ఇన్‌స్పెక్టరు వెనక్కి తిప్పి చూసేవాడొకడు ఉంటాడనుకున్నాడు. మళ్ళీ నెలకి వెళ్ళి "ఆ షీట్లు ఓసారి ఇవ్వండి, సరిగ్గా తీయిద్దాం" అన్నాను. "స్కాన్ అయిపోయింది కదండీ" అన్నారు. అంటే అర్థమైంది కదా? అయిపోయాయి.

అందుకే ఈ మెసేజ్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్కానర్ని మీరు కత్తెరలా వాడుతున్నారు. 1993లో పబ్లిక్ రికార్డ్స్ చట్టం వచ్చింది, చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ రికార్డు ఇష్టమొచ్చినట్టు పారెయ్యడానికి లేదు. పాతికేళ్ళు దాటినవి నేషనల్ ఆర్కైవ్స్‌తో సంప్రదించి తేల్చాలి. పద్ధతి తప్పి నాశనం చేస్తే అయిదేళ్ళ దాకా జైలు. 1892కి ముందువైతే, ఎందుకూ పనికిరానంతగా పాడైతే తప్ప ముట్టుకోవడానికే లేదు. మన తూర్పు తీరం లైను వేసింది 1893 నుంచి 1896 దాకా. ఏడాది తేడాతో ఆ గీతకి ఇవతల పడ్డాం. మన లైనుకి ఆ గట్టి తాళం కూడా లేదు, ఉన్నది మీలాంటి వాళ్ళ దయ.

కొంచెం గొంతు పెంచాను. ఇప్పుడు తగ్గించాల్సిన మాట ఒకటుంది.

ఆరో నిజం నిజమే. అక్షరాలా నిజం. తాళాలేసి కుళ్ళబెట్టాం. బయటివాడు వచ్చి పాత రిజిస్టరు చూస్తానంటే దొంగని చూసినట్టు చూశాం. చెద పట్టాక, వాన కారాక, "పనికిరావు" అని లిస్టు రాశాం. నేనున్న ఒక చిన్న స్టేషన్లో అలాంటి లిస్టు మీద సంతకం నాదే. రైలు రిజిస్టర్లు, డైరీలు, బస్తాలకి బస్తాలు. గడువు దాటినవే, రూలు ప్రకారమే వెళ్ళాయి. చాలా ఏళ్ళ తర్వాత ఇంజనీరింగు చదివే ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. 1986 ఆగస్టు వరదలో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో, మా స్టేషన్ దగ్గర నీళ్ళు లైను మీదికి ఎంతదాకా వచ్చాయి తాతగారూ అని అడిగింది. ధవళేశ్వరం లెక్క ఆమె దగ్గరుంది. మా ఊరి లెక్క కావాలి. గంట గంటకీ అది రాసి ఉన్న ఒకే ఒక్క చోటు నేను సంతకం పెట్టిన బస్తా. మోకాలి దాకా అని చేత్తో చూపించాను. ఆ పిల్ల మర్యాదగా రాసుకుంది. ఎవరి మోకాలు అని అడగలేదు.

ఆ రిజిస్టరుని ఎవరైనా ఫోన్‌తో, మడతతో సహా, వంకరగానైనా ఫొటో తీసుంటే ఆవేళ సరిపోయేది. కాబట్టి స్కాన్ వద్దనను, రేపే మొదలెట్టండి, నేనూ వస్తాను. రంగుల్లో తియ్యండి, మడత విప్పండి, వెనక్కి తిప్పండి, కాగితం మళ్ళీ బీరువాలో పెట్టండి.

బావగారూ, వియ్యంకుడుగారూ, ఒరే తమ్ముడూ: లండన్ ఉత్తరం మీలో ఎవరి దగ్గరున్నా సరే, నాకు పంపండి. రెండు వైపులా ఫొటో తీసి.