కోడ్‌లు మార్చేసి చెప్పని మహానుభావులకు

రెడ్‌క్యాప్ (వైద్య పరిశోధనల డేటా సేకరించే సాఫ్ట్‌వేర్) నుంచి ఏపీఐ (ప్రోగ్రామ్‌తో నేరుగా డేటా అడిగే దారి) ద్వారా డేటా డిక్షనరీ, అంటే ఏయే ప్రశ్నలున్నాయో, ఏ జవాబుకు ఏ నంబరు (కోడ్) ఉందో చెప్పే పట్టిక, తెచ్చుకోవడం పెద్ద పనేం కాదు. టోకెన్ (మన రహస్య తాళంచెవి లాంటిది) ఇచ్చి, కంటెంట్ దగ్గర మెటాడేటా అని, ఫార్మాట్ దగ్గర సీఎస్‌వీ (మామూలు పట్టిక ఫైలు) అని పెట్టి పంపితే వచ్చేస్తుంది. చెక్‌బాక్స్ ప్రశ్నలతో, అంటే ఒకటికి మించి జవాబులు ఎంచుకునేవాటితో, కాస్త తలనొప్పి. డిక్షనరీలో ఒక్క వరసే ఉంటుంది, డేటాలో మాత్రం ఒక్కో జవాబుకూ ఒక్కో కాలమ్, పేరు చివర మూడు అండర్‌స్కోర్లు, ఆపైన కోడ్. సరే, అది స్క్రిప్టుతో సర్దుకోవచ్చు.

ఒళ్లు మండేది మనుషులు చేసే పనికి. స్టడీ సగంలో ఉండగా ఎవరో ‘షుగర్ ఉందా?’ ప్రశ్న తెరుస్తారు. అప్పటిదాకా 1 అంటే లేదు, 2 అంటే ఉంది. దాన్ని 0 లేదు, 1 ఉంది అని మార్చేస్తారు. మాటమాత్రంగానైనా చెప్పరు. ఏపీఐ ఇచ్చేది ఇప్పుడున్న డిక్షనరీ మాత్రమే. దాంతో పాత డేటా చదివితే షుగర్ లేనివాళ్లందరికీ షుగర్ వచ్చేస్తుంది! ఓపిగ్గా కూర్చుని, రక్తం ఇచ్చి, జవాబులు చెప్పిన రోగులకు మనమిచ్చే మర్యాద ఇదా?

దయచేసి పాత కోడ్ ముట్టుకోకండి. కొత్త జవాబు కావాలంటే కొత్త నంబరు ఇవ్వండి. మార్చేముందు పాత డిక్షనరీని తేదీ వేసి దాచండి. టీమ్‌కి ఒక్క మెయిల్ పెట్టండి.