షష్టిపూర్తి కానుకగా ఒక శాతం

షష్టిపూర్తికి పట్టుబట్టలు పెట్టడం పాతబడింది. బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా స్థిరపడిన మన తెలుగు సంతానానికి నా మనవి ఒక్కటే. ఈసారి అమ్మానాన్నల చేతిలో వాళ్లకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చే రిస్క్ ఎంత శాతమో చెప్పే ల్యాబ్ రిపోర్టు పెట్టండి. పద్దెనిమిదో అంతస్తులో పొద్దస్తమానం ఖాళీగా ఉండేవాళ్లకు ఆలోచించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా!

చెబితే కుంగిపోతారని భయపడకండి. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ వచ్చిన రోగుల పిల్లలకు, ఆ జబ్బు ముప్పుతో ముడిపడిన ఏపీఓఈ అనే జన్యువు పరీక్ష ఫలితం అమెరికాలో చెప్పి ఏడాది గమనించారు. పెద్దగా నష్టమేమీ జరగలేదని 2009లో తేల్చారు. అయితే అక్కడ ముందు కూర్చోబెట్టి, కౌన్సెలింగ్ ఇచ్చి, ఆ తర్వాత చెప్పారు. అంత తీరిక మనకెక్కడిది? ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పడేస్తే సరి. పిన్ని దండం బొమ్మ పెడుతుంది. హైదరాబాద్ బావ "మా నాన్నకు తక్కువే వచ్చింది" అంటాడు.

డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకడైన జేమ్స్ వాట్సన్ తన జన్యుపటమంతా లోకం ముందు పెట్టి, ఈ ఒక్క జన్యువు సంగతి మాత్రం నాకు చెప్పొద్దన్నాడు. ఆయన పిల్లలు బెంగళూరులో లేరు కాబట్టి సాగింది.

ఆ జన్యువులో ముప్పు పెంచే రకం ఉన్నా జబ్బు రానివాళ్లున్నారు, లేకపోయినా వచ్చినవాళ్లున్నారు. ఇలాంటివి చెప్పి పెద్దవాళ్లను కన్ఫ్యూజ్ చేయకండి.

అసలు ఇబ్బంది లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికతో. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ వగైరా 14 కారణాలను అదుపు చేయగలిగితే దాదాపు 45 శాతం కేసుల్ని తప్పించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు అంటారు వాళ్లు. అంతవరకు బాగానే ఉంది, మాత్రలున్నాయి. కానీ ఆ జాబితాలో వినికిడి తగ్గడం, చూపు మందగించడం, ఒంటరితనం కూడా ఉన్నాయి. "నాన్నా, టీవీ సౌండ్ తగ్గించు, కాల్‌లో ఉన్నా" అని అరవడం ఫ్రీ. చెవి మిషన్‌కు డబ్బులవుతాయి. శుక్లాల ఆపరేషన్ దసరా తర్వాత చూద్దామనుకున్నాం, ఏ దసరానో అనుకోలేదు. ఒంటరితనానికైతే ఏ ల్యాబూ ప్యాకేజీ పెట్టలేదు. మనమే కూర్చుని మాట్లాడాలట!

రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్‌లో చూసింది. ఆ లెక్కన అమ్మకు ఢోకా లేదు. పనమ్మాయితో కన్నడం, సెక్యూరిటీతో హిందీ లాగించేస్తోంది. తెలుగుకే ఇంట్లో ఎవరూ దొరకడం లేదు.

కాబట్టి రిపోర్టులో మొదటి పేజీ మాత్రమే ప్రింట్ తీయండి, శాతం ఉండేది అందులోనే. ఏం చేయాలో రాసిన పేజీలు ఎలాగూ మన పేరు మీదే ఉంటాయి.