డిజాల్వ్ గారికి లంక నుంచి ఒక మనవి

మహారాజశ్రీ డిజాల్వ్ గారి సముఖానికి,

గోదావరి పాయల నడుమ ఉన్న ఒక లంక గ్రామం నుంచి, మామూలు సినిమా ప్రేక్షకుడూ అంతకంటే మామూలు పౌరుడూ అయిన నేను నమస్కరించి వ్రాసుకొను మనవి.

తెర మీద ఒక బొమ్మ మెల్లగా కరిగిపోతుండగా దానిలోంచే మరో బొమ్మను తేల్చి, నడుమ ఏళ్లను మాయం చేసే తమరితో నా పరిచయం టూరింగు టాకీసు నాటిది. నేల టిక్కెట్టు కొని ఇసుకలో కూర్చున్న మా ముందు తల్లి కుట్టుమిషను తొక్కుతూ ఉండేది. ఆ చక్రం తిరుగుతుండగానే తమరు వేంచేసేవారు. చక్రం మసకబారి రైలు చక్రమయ్యేది, రైలు ఆగేసరికి కొడుకు డాక్టరై దిగేవాడు. పరుగెత్తే పిల్లవాడి పాదాలు చరణం పూర్తయ్యేలోగా హీరో బూట్లయ్యేవి. నడుమ ఆ తల్లి ఎన్ని పూటలు పస్తున్నదో, ఫీజు ఎవరు కట్టారో మేము అడగలేదు. అడగకపోవడమే తమరికీ మాకూ కుదిరిన ఒప్పందం.

తమరి వంశచరిత్ర కూడా కొంత చదువుకున్నాను. 1899లో జార్జ్ మెలియే సిండ్రెల్లా కథను తెరకెక్కించినప్పుడే తమరు కొలువులో ఉన్నారు. తొలి రోజులలో కెమెరామన్ మొదటి షాటు చివర షట్టరును మెల్లగా మూసి, మూసినన్ని ఫ్రేములూ లెక్కగా వెనక్కి తిప్పి, రెండవ షాటు మొదట్లో అంతే మెల్లగా తెరిచేవాడు. తరువాత ఆ పని ల్యాబులో ఫిల్మును మళ్లీ ఫోటో తీసే ఆప్టికల్ ప్రింటరు అనే యంత్రానికి అప్పగించారు. అలా మళ్లీ తీసిన నెగటివు కనుక, తమరు రాబోయే ముందు బొమ్మ కొంచెం గరుకు తేలేది, చూపు పదునైనవాళ్లు "ఇదిగో, ఏళ్లు గడవబోతున్నాయి" అని ముందే చెప్పేసేవారు. మా ఊళ్లోనూ అటువంటి ఆనవాలు ఒకటి ఉంది. దారికి ఇరువైపులా బ్లీచింగు పౌడరు గీత పడిందంటే, శంకుస్థాపనో ప్రారంభోత్సవమో ఉన్నదని చిన్నపిల్లలకు సైతం తెలుస్తుంది.

విషయానికి వస్తాను. మా పాయ మీద వంతెనకు పదకొండేళ్ల క్రితం శంకుస్థాపన జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, శిలాఫలకం నిలిపారు, నీళ్ల మీద చెయ్యి చాచి చూపిస్తూ ఫోటో దిగారు. ఆ ఫోటోను చూసిన సినిమా జ్ఞానం గల ఎవడైనా, తరువాతి బొమ్మ వంతెన మీద వెళ్లే బస్సేనని ఒట్టేసి చెప్పగలడు. తమరు సాధారణంగా రెండు సెకన్లు పడతారు, అంటే 48 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రోజుకు 20,73,600. పదకొండేళ్లకు, లీపు రోజులు దయతో వదిలేసినా, 832 కోట్ల పైచిలుకు ఫ్రేములు. ఇంత పొడుగు డిజాల్వ్ ప్రపంచ సినిమాలో మరొకటి ఉండదని మా ఊరు గర్వించవచ్చు గాని, ఒక చిక్కుంది: ఆ ఫ్రేములలో మేము కాపురం ఉంటున్నాము. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది రేడియోలో వినబడేసరికే మా కాజ్‌వే నీళ్ల కింద ఉంటుంది. 13.75 దగ్గర రెండవ హెచ్చరిక, 17.75 దగ్గర మూడవది. ఆ పైన హెలికాప్టరులోంచి తీసిన టాప్ షాట్ ఒకటి వస్తుంది. అందులో మా లంక చాలా అందంగా ఉంటుంది.

టీ కొట్టు దగ్గర ఈ వ్యవహారం మీద వాదం జరగని రోజు లేదు. కొబ్బరి వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి, "అన్నీ ప్రభుత్వమే చెయ్యాలంటే ఎలాగండీ, కాటన్ దొరని మనమేమైనా అర్జీ పెట్టి రమ్మన్నామా?" అంటారు. ఆయన కళ్లకు ఒక బొమ్మలో కరువు, మరు బొమ్మలో పచ్చని వరిచేలు కనిపిస్తాయి. నడుమ 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కోసం ధవళేశ్వరం కొండ రాయిని కూలీలు మోసిన సంగతి, నీరిస్తే శిస్తు పెరుగుతుందని లెక్క చూపిస్తే తప్ప కంపెనీవారి చేత ఖర్చు పెట్టించలేని సంగతి ఆయన చూసిన ప్రింటులో లేవు. ప్రజలకు నీరివ్వడం పాలకుల బాధ్యతా, లాభసాటి పెట్టుబడా అన్న తగవు ఆనాటికే ఉంది.

రెండవ పక్షం రిటైరైన సోషల్ మాస్టారిది. ఆయనకు రాజ్యాంగంలోని నాలుగవ భాగం కంఠతా వచ్చు. అందులోని ఆదేశిక సూత్రాలను, అంటే రాజ్యం ఎలా నడుచుకోవాలో చెప్పే మాటలను, ఏ న్యాయస్థానం ద్వారానూ అమలు చేయించుకోవడం కుదరదని, అయినప్పటికీ అవి దేశ పాలనకు మౌలికమైనవని, చట్టాలు చేసేటప్పుడు వాటిని పాటించడం రాజ్యం విధి అని 37వ అధికరణం ఒకే వాక్యంలో చెబుతుంది. ఒక బొమ్మ కరుగుతుండగా మరొకటి తేలే ఇంత నిఖార్సైన డిజాల్వ్‌ను ఏ ఎడిటరు కూర్చగలడు? ఇందులో తమరి హస్తం ఉన్నదేమోనని మాస్టారికి అనుమానం. నాకు అనుమానం కూడా లేదు.

అదే భాగంలో, పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి పదేళ్లలోగా రాజ్యం ప్రయత్నించాలని 45వ అధికరణం మొదట్లో చెప్పింది. ఆదేశిక సూత్రాలలో గడువు పెట్టినది అదొక్కటే. 1950కి పదేళ్లు కలిపితే 1960 అవుతుంది. ఆ చదువు ప్రాథమిక హక్కుగా 2002లో రాజ్యాంగంలో చేరి, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. సినిమాలో పరుగు మొదలుపెట్టిన పిల్లవాడు పాట అయ్యేసరికి హీరో అవుతాడు. 1950లో ఆరేళ్ల వయసుతో పరుగు మొదలుపెట్టిన పిల్లవాడు ఈ పాట అయ్యేసరికి అరవై ఆరేళ్లవాడయ్యాడు.

ఆ పిల్లవాడు మా ఊళ్లో ఉన్నారు. ఒకప్పుడు పడవ మీద చుక్కాని పట్టారు, ఇప్పుడు రేవులో రావిచెట్టు కింద కూర్చుంటారు. బడి ముఖం చూడలేదు. మనవడికి మాత్రం హక్కు దక్కింది, అయితే బడి అవతలి గట్టున ఉన్నందువల్ల వరద రోజులలో ఆ హక్కును ఇంట్లోనే అట్టిపెట్టుకుంటున్నాడు.

కాబట్టి తమరిని వేడుకునేది ఇంతే. సినిమాలో తమరి ఉద్యోగానికి మేము అడ్డు చెప్పము. కార్యాలయాలలో చేస్తున్న డిప్యుటేషను మాత్రం రద్దు చేయించుకుని, ఆ కుర్చీలో ఇన్నాళ్లూ తమరు మింగిన ఫ్రేములను, అంటే ఏ నెలలో ఎన్ని స్తంభాలు లేచాయి, ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు నిద్రించింది అన్న ముచ్చటను, కత్తిరింపు లేకుండా మాకు ఒకసారి చూపించవలసింది. విసుగు పుట్టినా కూర్చుంటాము. అలవాటే.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తే రావిచెట్టు కింది పెద్దాయన అంతా ఓపికగా విని, నా సంతకం పక్కన వేలిముద్ర వేసి, "అయితేనండీ, ఆ రెండు బొమ్మలకీ నడుమనుండిపోయినోళ్లకి టిక్కెట్టు డబ్బులు తిరిగిచ్చేత్తారాండీ?" అని అడిగారు. దీనికి జవాబు తమరే సెలవియ్యాలి. పంటు రేవుకు వచ్చేసింది, అవతలి గట్టున పోస్టాఫీసు మూసేలోగా ఇది డబ్బాలో పడాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి రెండు షాట్ల నడుమ నివాసి