‘ట్రాన్స్‌ఫార్మర్స్‌ను కార్టూన్ చేసి పాడు చేసినారు’ అనే ఫార్వర్డుకు మా జవాబు

అనంతపురం, కడప, కర్నూలు సినిమా గ్రూపుల్లో ఒక మెసేజీ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. వాహనాలుగా రూపం మార్చుకునే రోబోల కథ, 2024లో వచ్చిన ‘ట్రాన్స్‌ఫార్మర్స్ వన్’ గురించి. ఆ కథల్లో ఆప్టిమస్ ప్రైమ్ హీరో, మెగాట్రాన్ విలన్. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: “పెద్ద సినిమా తీసేదానికి డబ్బుల్లేక కార్టూన్ తీసినారు. ఆప్టిమస్, మెగాట్రాన్ స్నేహితులని లేని కథ అల్లినారు. ఆప్టిమస్ గొంతు మార్చినారు. మెగాట్రాన్ ఐదు నిమిషాల్లో విలన్ అయిపోతాడు. త్రీడీలో అంతా చీకటి, గ్రాఫిక్స్ నాసిరకం. అందుకే ఫ్లాపు. ఎవరూ చూడొద్దండప్పా.”

నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ పై మాటల్లో చాలావరకు నిజం కాదు. అవి చదివి ఈ సినిమాను పక్కన పెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాం. మెగాట్రాన్ సంగతి చెప్పాలంటే కథ చివరిదాకా చెప్పాలి. ఇంకా చూడనివాళ్లు ఆ భాగం దాటేసి చదవండి.

“డబ్బుల్లేక కార్టూన్ తీసినారు”

2007లో వచ్చిన ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ సినిమాలో ఆప్టిమస్ ప్రైమ్ ఏ సెట్టులోనూ నిలబడలేదు. లారీ మాత్రం నిజమైనదే, పీటర్‌బిల్ట్ 379. అది విడిపోయి రోబోగా లేచిన క్షణం నుంచి తెరమీద కనిపించేదంతా ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ స్టూడియో కంప్యూటర్లో చేసిన యానిమేషన్. ఒక్క ఆప్టిమస్ బొమ్మకే 10,108 భాగాలు పెట్టారు. ఫ్రెంజీ లాంటి చిన్న రోబోకు చేతితో ఆడించే బొమ్మ వాడారు, బంబుల్‌బీకి కొన్ని షాట్ల కోసం నిలువెత్తు బొమ్మ కట్టారు. మిగతాదంతా యానిమేటర్ల పనే. ‘ట్రాన్స్‌ఫార్మర్స్ వన్’కు యానిమేషన్ చేసింది కూడా ఇదే స్టూడియో. అంటే ఈ రోబోలు మొదటినుంచీ యానిమేషనే. ఈసారి చుట్టూ ఉన్న లోకం కూడా యానిమేషన్ అయింది.

దానివల్ల పని తగ్గదు, పెరుగుతుంది. మామూలు షూటింగులో రోడ్డు, ఎండ, దుమ్ము, గోడమీది నీడ కెమెరా పట్టి ఇస్తుంది. తర్వాత ఆ కెమెరా ఎట్లా కదిలిందో కంప్యూటర్లో అచ్చుగుద్దినట్టు మళ్లీ కట్టి, షూటింగు చోటు వెలుతురును కొలిచి, ఆ వెలుతురులో రోబోను నిలబెట్టి, నీడ వేసి అతికిస్తారు. పూర్తి యానిమేషన్‌లో కెమెరా ఇచ్చేది ఏమీ ఉండదు. నేల, ఆకాశం, పొగ, ప్రతి నిప్పురవ్వా ఎవరో ఒకరు చేయాల్సిందే. సినిమా నిడివి 104 నిమిషాలు, సెకనుకు 24 ఫ్రేములు. మొత్తం 1,49,760 ఫ్రేములు. త్రీడీలో రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మ కావాలి గనక దానికి రెట్టింపు.

ఖర్చు తగ్గిందన్నది మాత్రం నిజమే. దీని బడ్జెట్ సుమారు 7.5 కోట్ల డాలర్లు, ఇదే వరుసలో 2023లో వచ్చిన ‘రైజ్ ఆఫ్ ది బీస్ట్స్’ ఖర్చులో సగం కూడా లేదు. లొకేషన్లు, పేల్చే కార్లు, వందలాది మంది షూటింగ్ సిబ్బంది లేకపోతే ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది. కానీ యానిమేషన్ ఎంచుకున్నది కథ కోసం. కథంతా సైబర్‌ట్రాన్ గ్రహం మీద, రోబోలు భూమికి రాకముందు జరుగుతుంది. ఒక్క మనిషి ఉండడు, మన లారీలూ కార్లూ ఉండవు. షూట్ చేసేదానికి అక్కడ ఏముంది?

ముఖాల విషయంలో మాకు ఇంకో లాభం కనిపించింది. 2007 వరుసలో ముఖమంతా చిన్న చిన్న రేకులు. దగ్గరి షాట్లో బాగుంటాయి, నాలుగడుగులు వెనక్కి పోతే బాధ ఏదో కోపం ఏదో తెలియదు. ఇందులో 1984 బొమ్మల్లాగా ముఖానికి పెద్ద పలకలు, స్పష్టమైన కనుబొమ్మలు పెట్టారు. స్నేహం చెడిపోవడమే కథ అయినప్పుడు ముఖం చదవగలగాలి.

“లేని కథ అల్లినారు”

ఈ సినిమాలో ఆప్టిమస్ మొదటి పేరు ఒరియన్ పాక్స్, మెగాట్రాన్ మొదటి పేరు డి-16. ఒరియన్ పాక్స్ అనే పేరు 1985లోనే ఉంది. మొదటి టీవీ కార్టూన్ రెండో సీజన్‌లో ‘వార్ డాన్’ అనే ఎపిసోడ్ చూడండి. ఒరియన్ అక్కడ సరుకు దించే చోట పనిచేసే మామూలు రోబో. ఎగరగలిగే కొత్తరకం రోబోలను, అందులోనూ మెగాట్రాన్‌ను, చూసి మురిసిపోతాడు. ఆ మెగాట్రాన్ చేతిలోనే దెబ్బతిని చావుదాకా పోతాడు. ఆల్ఫా ట్రయాన్ అనే ముసలి రోబో అతన్ని మళ్లీ కట్టి ఆప్టిమస్ ప్రైమ్‌ను చేస్తాడు.

ఇద్దరూ స్నేహితులన్న కథ కూడా పాతదే. 2010లో మొదలైన ‘ట్రాన్స్‌ఫార్మర్స్ ప్రైమ్’ సీరియల్‌లో ఒరియన్ రికార్డుల గుమాస్తా, మెగాట్రాన్ బరిలో పోరాడే యోధుడు. ఇద్దరూ ఒకే ఆశయంతో మొదలుపెట్టి పదవి దగ్గర విడిపోతారు. 2007 సినిమాలో సైతం ఆప్టిమస్ చనిపోయిన మెగాట్రాన్‌ను సోదరుడనే పిలుస్తాడు. మెగాట్రాన్ గని కార్మికుడన్నది 2007 కామిక్స్‌లో వచ్చింది. చివరికి డి-16 అనే పేరు కూడా గాల్లోంచి రాలేదు. జపాన్‌లో టకారా కంపెనీ బొమ్మలకు వరస నంబర్లిచ్చినప్పుడు మెగాట్రాన్‌ది 16.

‘ఒరిజినల్ కథ’ అని ఒక్కటే లేదు కూడా. హాస్‌బ్రో కంపెనీ టకారా బొమ్మలు తెచ్చి 1984లో అమెరికాలో అమ్మకానికి పెట్టింది. వాటికి పేర్లు, స్వభావాలు రాసింది మార్వెల్ కామిక్స్ వాళ్లు. అదే ఏడాది వచ్చిన కామిక్, కార్టూన్ ఒకదానితో ఒకటి కలవవు. 2007 వరుసను తీసిన దర్శకుడు మైకేల్ బే సినిమాల్లోనే చూడండి. 2007లో మొదటిసారి బయటపడినట్టున్న రోబోలు 2017 సినిమాకు వచ్చేసరికి ఆర్థర్ రాజు కాలంలోనే భూమ్మీద ఉన్నట్టు చూపించారు. అప్పుడు సర్దుకున్నవాళ్లు ఇప్పుడు ఈ కథ మీద విరుచుకుపడటం న్యాయం కాదు.

“గొంతు మార్చినారు”

పీటర్ కలెన్ 1984 నుంచి ఆప్టిమస్ గొంతు. ఆ గొంతు మీద ప్రేమ మాకూ ఉంది. కానీ ఈ సినిమాలో ఎక్కువసేపు కనిపించేది ఆప్టిమస్ కాకముందు ఒరియన్, దుడుకు కుర్రోడు. క్రిస్ హెమ్స్‌వర్త్ అతనికి తేలికైన గొంతు ఇచ్చి, నాయకుణ్ని చేసే మ్యాట్రిక్స్ అనే వస్తువు అందుకున్నాక బరువు పెంచుతాడు. కలెన్ లేకుండా ఆప్టిమస్ మాట్లాడటం కొత్తేం కాదు. గ్యారీ చాక్, డేవిడ్ కే టీవీ సీరియళ్లలో ఏళ్లతరబడి చెప్పారు. తెలుగు డబ్బింగులో చూసి పెరిగినవాళ్లకైతే కలెన్ గొంతు అసలు వినబడనే లేదు.

“ఐదు నిమిషాల్లో విలన్ అయిపోతాడు”

ఈ మాట దగ్గరే మాకు ఎక్కువ బాధ. ఆ మార్పు మొదటి సన్నివేశాల నుంచే నడుస్తుంది.

మొదట్లో డి-16 అందరికంటే ఎక్కువగా నియమాలు పాటించేవాడు. రూపం మార్చుకునే కాగ్ అనే భాగం లేని గని కార్మికుడు. పాలకుడు సెంటినెల్ ప్రైమ్‌ను నమ్ముతాడు, చనిపోయిన పాత నాయకుడు మెగాట్రోనస్ ప్రైమ్‌ను ఆరాధిస్తాడు. ఒరియన్ అతనికి మెగాట్రోనస్ ముఖం ఉన్న స్టిక్కర్ తెచ్చిస్తే ఒంటిమీద అంటించుకుంటాడు. ఆ స్టిక్కర్‌ను గుర్తు పెట్టుకోండి. గుహలో ఆల్ఫా ట్రయాన్ అసలు నిజం చెప్తాడు: ప్రైమ్‌లనే పాత నాయకులను శత్రువులకు పట్టించింది సెంటినెల్. కార్మికులకు పుట్టుకతో ఉన్న కాగ్‌లను పీకేయించిందీ అతనే. ఆ మాట విన్నాక ఒరియన్ అందరికీ చెబుదామంటాడు. డి-16 సెంటినెల్‌కు నొప్పి తెలియాలంటాడు. ఇద్దరూ విన్నది ఒకటే, వాళ్ల దారులు మాత్రం అక్కడే చీలిపోయాయి. ఎక్కువ నమ్మినవాడికే ఎక్కువ దెబ్బ తగిలింది.

అక్కడినుంచి అతని కళ్లు గమనించండి. మొదట పసుపు, మెల్లగా నారింజ, చివరికి ఎరుపు. దాక్కున్న యోధుల దండుకు నాయకుడైన స్టార్‌స్క్రీమ్‌తో గొడవలో గెలిచాక ఆగడు, గొంతు నలిపేస్తాడు. ఆ పాత్రకు కీచుగొంతు అందుకే వచ్చింది. తర్వాత సెంటినెల్ అతన్ని పట్టుకుని స్టిక్కర్ పీకేసి అదే మెగాట్రోనస్ ముఖాన్ని ఛాతీ మీద చెక్కుతాడు. స్నేహితుడు ప్రేమతో ఇచ్చిన బొమ్మే గాయమైంది, ఆ గాయమే మెగాట్రాన్ వర్గమైన డిసెప్టికాన్ల ముద్ర. ఆఖర్న అతను సెంటినెల్ మీద పేల్చినప్పుడు ఒరియన్ అడ్డం పడి ఆ దెబ్బ తింటాడు. కింద పడబోతుంటే డి-16 చెయ్యి పట్టుకుంటాడు, ఒక్క క్షణం ఆగి వదిలేస్తాడు. ఇన్ని మెట్లు దిగినవాణ్ని ఐదు నిమిషాల్లో మారాడని ఎట్లా అంటారు? చివరి అరగంట ఇంకో పది నిమిషాలు ఊపిరి పీల్చుకుని ఉంటే బాగుండేదంటే ఒప్పుకుంటాం. బి-127 (తర్వాత బంబుల్‌బీ అయ్యే రోబో) వాగుడు కొన్నిచోట్ల బరువైన సన్నివేశాన్ని చెడగొట్టిందన్నా ఒప్పుకుంటాం.

“త్రీడీలో చీకటి, గ్రాఫిక్స్ నాసిరకం”

చీకటిగా కనిపించి ఉండొచ్చు. కారణం గ్రాఫిక్స్‌లో లేదు, హాల్లో ఉంది. ఇది ఈ ఒక్క సినిమాతో పోయే సంగతి కాదు కాబట్టి వివరంగా చెప్తాం.

2డీ ఆటకు తెర మధ్యలో వెలుగు 14 ఫుట్‌లాంబర్టులు (తెర వెలుగును కొలిచే కొలత) ఉండాలన్నది డిజిటల్ సినిమా ప్రమాణం. త్రీడీకి సాధారణంగా కళ్లద్దాల గుండా 4.5 వస్తుందని లెక్కగట్టి రంగులు సరిచేస్తారు. అంటే మూడోవంతు కంటే తక్కువ. ఒకే ప్రొజెక్టరు ఎడమ కంటి బొమ్మ, కుడి కంటి బొమ్మ మార్చి మార్చి సెకనుకు 144 సార్లు వేస్తుంది. ఒక కంటికి బొమ్మ పడేటప్పుడు రెండో కన్ను చీకట్లో ఉంటుంది, అక్కడ సగం వెలుగు పాయె. రెండు కళ్ల బొమ్మలను వేరుచేసేదానికి లెన్సు ముందు పెట్టే పోలరైజర్ అనే ఫిల్టర్ మిగిలినదాంట్లో సగానికి పైగా మింగుతుంది. కళ్లద్దాలు ఇంకొంత. అందుకే వెలుగును ఎక్కువగా వెనక్కి కొట్టే సిల్వర్ స్క్రీన్ వాడతారు.

ఇంత తక్కువ వెలుగులో ఏ చిన్న లోపమైనా పెద్దగా కనబడుతుంది. జినాన్ ల్యాంపు వాడేకొద్దీ లోపలి గాజు నల్లబడుతుంది, ఎలక్ట్రోడు కొన అరుగుతుంది. రోజుకు నాలుగాటలంటే దాదాపు 12 గంటలు. వెయ్యి గంటల ల్యాంపు మూడు నెలల లోపే అయిపోతుంది. గడువు దాటినా నడిపితే 2డీలో కన్ను సర్దుకుంటుంది గానీ త్రీడీలో నల్లటి భాగాలన్నీ ఒకే ముద్ద అయిపోతాయి. ఈ సినిమా మొదట్లో చాలా భాగం నేల కింద, గనుల్లో. ముందుగా చెడేది ఆ సన్నివేశాలే. ప్రొజెక్టర్ గది కిటికీ అద్దం మీద దుమ్ము మరో కారణం, మన ఎండాకాలపు గాలికి అది తొందరగా పేరుకుంటుంది. మామూలు తెల్ల తెర మీద పోలరైజ్డ్ త్రీడీ వేస్తే బొమ్మ రెండుగా విడిపోయి కనబడుతుంది, ఎందుకంటే ఆ తెర పోలరైజేషన్‌ను నిలుపుకోలేదు. సిల్వర్ స్క్రీన్‌కూ ఒక గుణం ఉంది. మధ్యలో కూర్చున్నవాళ్లకు వెలుగు ఎక్కువ, పక్క సీట్లకు తక్కువ.

హాల్లో మీరే పరీక్షించుకోవచ్చు. కళ్లద్దాలను పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి, మెత్తని గుడ్డను కొంచెం తడిపి తుడవండి. నల్లటి తెర మీద తెల్లటి పేర్లు వచ్చేటప్పుడు ఒక కన్ను మూసి చూడండి. అక్షరం పక్కన దాని నీడలాంటి రెండో అక్షరం కనబడితే తప్పు తెరదో ఫిల్టర్‌దో. దూరంగా ఉండాల్సినవి దగ్గరగా, దగ్గరివి దూరంగా అనిపించి తల నొస్తుంటే కళ్లద్దాలను తలకిందులుగా పెట్టుకోండి. అప్పుడు సరిగ్గా కనబడితే ఎడమ కుడి తారుమారయ్యాయన్నమాట, వెంటనే ఆపరేటర్‌కు చెప్పించండి. సరిచేయడానికి ఎక్కువసేపు పట్టదు. అదే హాల్లో 2డీ ఆట కూడా మసకగా ఉంటే ల్యాంపు పాతదై ఉండాలి, లేదా త్రీడీ ఫిల్టర్‌ను లెన్సు ముందు నుంచి పక్కకు జరపడం మరిచిపోయి ఉండాలి. సీటు ఎంచుకునే వీలుంటే మధ్య వరుస, హాలు సగానికి కొంచెం వెనక. హిందూపురం, అనంతపురం నుంచి త్రీడీ కోసమని బెంగళూరుకు పోయేవాళ్లు టికెట్ బుక్ చేసేటప్పుడే ఈ సీటు చూసుకుంటే పోయిన దూరం వృథా కాదు.

“అందుకే ఫ్లాపు”

ప్రపంచవ్యాప్తంగా దాదాపు 13 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో థియేటర్ల వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే 7.5 కోట్ల సినిమాకు అది చాలదు. కాబట్టి డబ్బు రాలేదన్నది నిజం. ‘అందుకే’ అన్న మాటతోనే మాకు పేచీ. సినిమా చూసి బయటికొచ్చిన అమెరికా ప్రేక్షకులను అడిగి వేసే సినిమాస్కోర్‌లో దీనికి ‘ఏ’ వచ్చింది. చూసినవాళ్లకు నచ్చింది, చూడటానికి వచ్చినవాళ్లే తక్కువ. మొదటి ట్రైలర్ నిండా జోకులే పెట్టారు, ద్రోహం, గనులు, విడిపోయిన స్నేహం దాచేశారు. పెద్దవాళ్లు పిల్లల సినిమా అనుకున్నారు. అమెరికాలో విడుదలైంది 2024 సెప్టెంబర్ 20న. వారానికే, 27న, అక్కడ ‘ది వైల్డ్ రోబో’ అనే ఇంకో రోబో యానిమేషన్ సినిమా వచ్చి అదే ప్రేక్షకులను పంచుకుంది. అదే 27న మన దగ్గర ‘దేవర’. ఆ వారం సీమలో వేరే సినిమాకు తెర దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.