మూడంతస్తుల మోసం: జొట్టో గంట గోపురం గారికి

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో వేంచేసి ఉన్న జొట్టో గంట గోపురం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా అలవాటు. మీరు కుశలమే. 1359లో పూర్తయిన దగ్గర్నుంచీ నిక్షేపంగా నిలబడే ఉన్నారు. నా సంగతే బాలేదు. హోటల్ మంచం మీద కాళ్ల కింద దిండు పెట్టుకుని, రెండు మోకాళ్లకీ బామ్ రాసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లిఫ్టు లేదని మీరు దాచలేదు. 414 మెట్లని ముందే చెప్పారు. ఒప్పుకుంటాను. "అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి స్వామిని చూసినవాణ్ణి, నాకిదొక లెక్కా" అని మా ఆవిడ దగ్గర కోతలు కోసింది కూడా నేనే. (కొండెక్కింది పెళ్లికి ముందు. ఆ ముక్క అప్పుడు గుర్తురాలేదు.) తను మాత్రం "మీరెళ్లి రండి, నేనిక్కడ నీడలో కూర్చుంటా" అని ఐస్‌క్రీమ్ కొట్టు వైపు నడిచింది. జులై నెల, మధ్యాహ్నం రెండు గంటలు. మా ఇద్దరిలో తెలివైన మనిషి ఎవరో మీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

చిన్నచిన్నవి వదిలేస్తున్నాను. మీ అడుగున ఆరు మూలల రాతి పలకల మీది చెక్కడాలకి ఇరవై ఫోటోలు తీశాక, అవి నకళ్లనీ, అసలువి మ్యూజియంలో ఉన్నాయనీ తెలిసింది. సరే. ఊళ్లోవాళ్లు ముద్దుగా గుమ్మడికాయ అని పిలిచే, శిల్పి దొనతెల్లో చెక్కిన బోడిగుండు ప్రవక్త విగ్రహం కూడా అక్కడికే కాపురం మార్చిందట. అదీ సరే. ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ ఒకటే మెట్ల దారి, అదీ మనిషి పట్టేంత సందు. ఎదురుగా ఓ పెద్దాయన బొజ్జతో సహా దిగుతుంటే బల్లిలా గోడకి అతుక్కుపోయాను. ఇద్దరం సారీ చెప్పుకున్నాం, ఇద్దరి చెమటా కలిసింది. పోనీలెండి.

కానీ ఆ అంతస్తుల సంగతి మాత్రం వదలలేను.

మెట్లు అయిపోయాయి. ఒక గది, పొడుగాటి కిటికీలు, గాలి, బయట ఎర్ర పెంకుల ఇళ్లు. హమ్మయ్య అనుకుని సెల్ఫీ తీసి "పైకొచ్చేశా" అని మా ఆవిడకి పంపాను. ఇంతలో పదేళ్ల పిల్లాడొకడు నన్ను దాటుకుని మూలనున్న చిన్న గుమ్మంలో దూరాడు. అందులో మళ్లీ మెట్లు. ఇంకో గది వచ్చింది. "ఇప్పుడు నిజంగా వచ్చేశా" అని పంపాను. మళ్లీ గుమ్మం. అటునుంచి జవాబొచ్చింది: "ఎన్నిసార్లు వస్తారండీ పైకి?" మూడో గదిలో ఫోన్ బయటికి తియ్యలేదు.

దిగేవాళ్లు "ఇంకెంత, వచ్చేసింది" అని నవ్వుతూ పోతారు. ఏ భాషలో అన్నారో తెలీదు గానీ అర్థమైంది. తిరుమల దారిలోనూ ఇదే అబద్ధం చెబుతారు. కాకపోతే అక్కడ మోకాళ్ల పర్వతానికి ఆ పేరు పెట్టి ముందే హెచ్చరించారు.

హోటల్‌కొచ్చి చదివితే అసలు గుట్టు బయటపడింది. మీ పేరు చిత్రకారుడు జొట్టోదే గానీ, ఆయన 1334లో పని మొదలుపెట్టి 1337లో పోయాడు. తర్వాత అంద్రేయా పిసానో కొంత కట్టాడు. పై మూడంతస్తులూ ఫ్రాంచెస్కో తలెంతి పని. ఆ మహానుభావుడు ఏం చేశాడయ్యా అంటే, ఒక్కో అంతస్తునీ దాని కిందదానికంటే పెద్దది చేశాడు. ఎందుకు? పైకి పోయేకొద్దీ వస్తువు చిన్నగా కనిపిస్తుంది కాబట్టి, ఆ తేడా కొట్టేసి, కిందనుంచి చూసేవాడికి మూడూ సమానంగా కనబడాలని!

అంటే నువ్వు కావాలనే చేశావు. కింద నిలబడి "మూడూ ఒకే ఎత్తు, ఒకటెక్కితే మిగతావీ అంతే" అని నేను వేసుకున్న లెక్క, ఆరున్నర శతాబ్దాల కిందటే నా కోసం పన్నిన వల. మొదటిదానికి వచ్చిన ఆయాసాన్ని బట్టి మిగతా రెండింటికీ ఊపిరి దాచుకున్న పిచ్చోణ్ణి నేను. మా ఊళ్లో బిల్డర్లూ మోసం చేస్తారు, కానీ చూపించినదానికంటే తక్కువ కట్టి చేస్తారు. ఎక్కువ కట్టి మోసం చెయ్యడం నీ దగ్గరే చూశాను! పైన సూదిలాంటి శిఖరం కూడా పెట్టాలని మొదట్లో అనుకున్నారట. తలెంతి అది మానేసి చదునుగా ఆపేశాడు. ఆ ఒక్కదానికీ ఆయనకో దండం.

పైన చుట్టూ ఇనప జాలీ. కోళ్లగూట్లోంచి చూసినట్టు చూడాలి. ఫోన్‌ని కన్నంలో పెట్టి అటూ ఇటూ జరుపుతుంటే, ఎదురుగా మీ పక్కనున్న పెద్ద చర్చి డోమ్ కనబడింది.

అక్కడ కాసేపు నోరు మూతపడింది. ఎర్ర పెంకులు, తెల్ల రాతి పట్టీలు, దాని నెత్తిన చీమల్లా జనం. వాళ్లు 463 మెట్లెక్కిన దురదృష్టవంతులు. అందులో టోపీ పెట్టుకున్న ఒకాయన చెయ్యూపాడు. నేనూ ఊపాను. నువ్వు పూర్తయ్యేనాటికి ఆ డోమ్ లేదు. బ్రునెలెస్కి అనే వాస్తుశిల్పి దాన్ని 1420లో మొదలుపెడితే 1436కి గానీ అవలేదు. బస్సులో తువ్వాలేసి సీటు ఆపినట్టు 77 ఏళ్లు పక్క చోటు ఆపి పెట్టావు. నిన్ను కట్టినవాళ్లలో ఒక్కడూ నేను చూసింది చూడలేదు. పది నిమిషాల్లో దిగిపోదామనుకున్నవాణ్ణి నలభై నిమిషాలున్నాను. (ఇది మా ఆవిడకి చెప్పకండి. మెట్ల మీద రద్దీ అని చెప్పాను.)

కాళ్లు వణుకుతూ దిగేసరికి తను రెండో ఐస్‌క్రీమ్‌లో ఉంది. చెంచా చేత్తో పట్టుకుని తలెత్తి మిమ్మల్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఇంతేగా? పైనున్న ఆ మూడూ ఒకటే సైజు. దీనికింతసేపా?"

నేనూ తలెత్తి చూశాను. మూడూ ఒకటే సైజు.

ఇట్లు,
రేపు స్టేషన్‌లో ఎస్కలేటర్ ఎక్కడుందో వెతుక్కోబోయే
మీ విధేయుడు