కర్నూలులో తెల్లదొరల పిచ్చాసుపత్రా? ఎక్కడిది?

పాడుబడిన భవనాల్లోకి రాత్రిపూట టార్చిలైట్లతో దూరి తీసే రీల్స్ కింద ఒకటే కథ తిరుగుతోంది: "ఇది తెల్లదొరల కాలంనాటి పిచ్చాసుపత్రి. రోగుల్ని గొలుసులతో కట్టేసి, కరెంటు షాకులిచ్చి చంపేవాళ్లు. ఆ ఆత్మలు తిరుగుతున్నాయనే మూసేశారు." కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లలో చదువుకున్నవాళ్లకూ కొదవలేదు.

మొదట తెల్లదొరల సంగతి. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని సర్కారు పిచ్చాసుపత్రులు మద్రాసు, విశాఖపట్నం, కాలికట్‌లలో ఉండేవి. ఆ వరసలో కర్నూలు లేదు, కడప లేదు, అనంతపురమూ లేదు.

ఇక షాకులు. మూర్ఛ తెప్పించే ఈ చికిత్సను చెర్లెట్టి, బీనీ అనే ఇటలీ డాక్టర్లు రోమ్‌లో మొదటిసారి మనిషికి ఇచ్చింది 1938లో. విక్టోరియా రాణి కాలపు దొర ఇచ్చాడంటే ఎలా నమ్మడం? ఇప్పుడు దాన్ని మత్తిచ్చి, కండరాలు సడలే మందిచ్చి చేస్తారు. అవి లేకుండా ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. డిప్రెషన్ ముదిరి అన్నం కూడా ముట్టని మనిషికి అది ప్రాణం నిలిపే చికిత్స. ఆ మాట ఏ రీల్‌లోనూ వినపడదు.

గొలుసులకు సాక్ష్యంగా చూపేది కిటికీ ఊచలు, పైకప్పు కొక్కేలు. ఊచలు ఏ పాత తాలూకాఫీసుకు లేవు? కొక్కేలు పంకాలకు. మన పాత మిద్దెల్లో ఉయ్యాలకూ అలాంటివే ఉంటాయి. అలాగని పాత పిచ్చాసుపత్రులన్నీ సత్రాల్లా ఉండేవని అనను. 1999లో జాతీయ మానవ హక్కుల కమిషన్ నివేదికే చాలా ఆసుపత్రులు జైళ్లలా ఉన్నాయని రాసింది. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో పోయారే, అది ఆసుపత్రి కాదు. దర్గా దగ్గర నయమవుతుందని ఇంటివాళ్లు వదిలిపెట్టిన చోటు.

గోడ మీద నడుమెత్తున కనిపించే గోధుమ రంగు చారను "రక్తం" అంటారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి మునిగిన కర్నూలు పాత బస్తీలో వరద నీళ్లు వదిలిన చారలు ఎవరూ చూడలేదా? దయ్యాల మీటరు అంటూ తిప్పేది అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం. చేతిలో ఫోనుంటే చాలు, ముల్లు ఆడుతుంది.

మూతపడటానికి ఆత్మలక్కర్లేదు, పైకప్పు చాలు. ఆ కాలం కట్టడాలు చాలావరకు మద్రాసు టెర్రస్‌వి: టేకు దూలాల మీద సున్నంతో నిలువుగా పేర్చిన ఇటుకలు. గోడలోకి దిగిన దూలం కొస చెమ్మకు కుళ్లుతుంది. కింద నిలబడి చూస్తే ఏమీ తెలియదు, ఒక వానాకాలం కప్పంతా ఒకేసారి కూలుతుంది. పైన ఎక్కి డ్యాన్సులు చేసే పిల్లల్ని చూస్తే నాకు టెన్షన్ వచ్చేది అందుకే.

అన్నిటికంటే మంట పుట్టించేది, ఏ ఆసుపత్రిదో గానీ నేలమీద దొరికిన కేస్ షీట్లు పేర్లతో సహా చూపించడం. ఆ పేర్లవాళ్ల పిల్లలు, మనవళ్లు ఇదే ఊళ్లో ఉండొచ్చు, పెళ్లి సంబంధాలు చూసుకుంటూ ఉండొచ్చు. మానసిక రోగుల వివరాలు గోప్యంగా ఉంచాలని పైన చెప్పిన చట్టమే అంటోంది. దయ్యాల కథ నమ్మినా నమ్మకపోయినా, ఆ కాగితాలు కనిపించే రీల్ మీ ఫోన్లో ఉంటే డిలీట్ చేయండి.