అప్పు ఎవరిచ్చినా, మన పాలెంత?

చెన్నై టి.నగర్‌లో పానగల్ పార్కు పక్కన మెట్రో కోసం రేకుల కంచె వేసి ఏళ్లయింది. దాన్ని ఆనుకుని గోనెపట్టా పరుచుకుని మూరల లెక్కన మల్లెలమ్మే ఆడవాళ్లు, కంచె జరిగినప్పుడల్లా తామూ జరుగుతున్నారు. కింద సాగుతున్నది చెన్నై మెట్రో రెండో దశ: 118.9 కిలోమీటర్లు, 63,246 కోట్ల రూపాయలు. అందులో పెద్ద భాగం అప్పే. జపాన్ ప్రభుత్వ సాయ సంస్థ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు, బీజింగ్‌లోని ఏఐఐబీ (ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు), బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా కలిసి షాంఘైలో పెట్టిన బ్రిక్స్ బ్యాంకు ఇస్తున్నాయి. ప్రపంచ పెత్తనం ఎవరిదన్న తగవు మన వీధి దాకా వచ్చిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

1944లో అమెరికాలోని బ్రెట్టన్‌వుడ్స్‌లో, దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) రూపుదిద్దుకున్నప్పుడు, పెట్టుబడి ఎవరిదో పెత్తనం వారిదే అయింది. ఇప్పటికీ కీలక నిర్ణయాలకు అక్కడ 85 శాతం ఓట్లు కావాలి. ఒక్క అమెరికా చేతిలోనే 16 శాతానికి పైగా ఉన్నాయి. అది వద్దంటే ఇక లేనట్టే. ఇండియాకు 3 శాతమైనా లేవు. ఇది అన్యాయం, ఇందులో మాకు సందేహం లేదు.

అలాగని ప్రత్యామ్నాయమని పేరు పెట్టుకున్నదల్లా మంచిదైపోదు. 2016లో మొదలైన ఏఐఐబీలో పెద్ద నిర్ణయాలకు 75 శాతం ఓట్లు అవసరం, చైనావి దాదాపు 26 శాతం. ఊరు మారింది, మెలిక అదే. బ్రిక్స్ బ్యాంకుది వేరే దారి. 2014 ఒప్పందం ప్రకారం ఐదు వ్యవస్థాపక దేశాలకూ సమాన వాటా, ఒక్కరే అడ్డుకునే వీటో ఎవరికీ లేదు. మేము దాన్ని సమర్థించేది ఇందుకే గానీ, అమెరికా మీద కోపంతో కాదు.

మద్రాసుకు ఈ పట్టుదల పాతదే. పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా రామరాయణింగారు కాళహస్తిలో పుట్టిన తెలుగువారు. ఆయన నడిపిన మద్రాసు ప్రభుత్వం 1921లో సర్కారు కొలువుల్లో అన్ని వర్గాలకూ వాటా ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. 1923 మే 1న కార్మిక నాయకుడు సింగారవేలు ఇక్కడి సముద్రపు ఒడ్డున ఎర్రజెండా ఎగరేశారు. సిద్ధాంతాలు వేరు. ఇద్దరి వెనకా ఉన్నది ఒకే నిలదీత: నిర్ణయంలో మా పాలెంత?

2026లో బ్రిక్స్ అధ్యక్షత ఇండియాది. కొత్త దేశాలు చేరే కొద్దీ ఆ సమానత్వం పలచబడకుండా ఢిల్లీ పట్టుబట్టాలి. చెన్నైలో మాత్రం అంతదాకా ఆగనక్కర్లేదు. ఈ అప్పుల వడ్డీ, గడువు, షరతులు తమిళంలో, తెలుగులో అచ్చువేసి ఆ రేకుల మీదే అంటించాలి. నా జాగా ఏ కాగితం ప్రకారం పోయిందని పూలమ్మే ఆమె అడిగితే, వేలుపెట్టి చూపించగలగాలి.